కాలేజీ మెట్లెక్కని చదువు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా బడి ఆవరణలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)



కమిటీవాళ్ళు ఫోన్ చేసి, "మీరు డిగ్రీ చదవకుండానే ఆడిటర్ అయ్యారు కదా, ఆ సంగతి పిల్లలకు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. "చదవకుండానే" అన్న మాట విని నవ్వొచ్చింది. చదవకుండా అయిందేమీ లేదు. చదివింది కాలేజీలో కాదు, అంతే. ఈ ఇరవై నిమిషాల్లో మూడు సంగతులు చెబుతాను. ఆ దారి ఎలా ఉంటుంది, ఆ దారిలో నడవడానికి మనం కట్టాల్సిన ధర ఏమిటి, మన సంఘం ఈ విషయంలో చేయగలిగింది ఏమిటి. మూడోది పిల్లలకు కాదు, పెద్దలకు. కాబట్టి పెద్దలు దయచేసి మధ్యలో టీకి లేవకండి.

నేను 1993లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. 1995లో ఎం.ఇ.సి. గ్రూపుతో ఇంటర్ పూర్తి చేశాను. ఆ రోజుల్లో ఎం.ఇ.సి. అంటే మన ఊళ్ళో చాలామందికి అదేమిటో తెలియదు. "ఎంసెట్ రాయవా?" అని అడిగేవారు. రాయను అంటే, "అయ్యో" అనేవారు. మార్కులు తక్కువొచ్చినవాడి కోసం పెట్టిన గ్రూపు అనుకునేవారు. ఇంటర్ అయ్యాక బి.కాం.లో చేరకుండా సి.ఏ. ఫౌండేషన్‌కు డి.డి. తీసి పంపాను. పుస్తకాలు పోస్టులో పార్సిల్‌గా వచ్చాయి. ఫౌండేషన్ పాసయ్యాక 1996లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్‌లో చేరాను. అప్పుడు ఊళ్ళో అనుకున్నదేమిటంటే, "ఫలానావాళ్ళ అబ్బాయి చదువు మానేసి బెజవాడలో గుమాస్తాగా చేరాడట" అని.

అందులో సగం నిజం ఉంది. మా హోదాకు అప్పట్లో అధికారికంగా ఉన్న పేరే "ఆర్టికల్డ్ క్లర్క్". తర్వాత దాన్ని "ఆర్టికల్డ్ అసిస్టెంట్" అని మార్చారు. పేరు మారింది కానీ పని మారలేదు. అయినా గుమాస్తా అన్నందుకు నాకు కోపం రాలేదు. మన ప్రాంతంలో లెక్కలు నేర్చుకున్న పద్ధతే అది. మిల్లులో, మండీలో, బట్టల కొట్టులో పదిహేనేళ్ళ కుర్రాడు పెద్ద గుమాస్తా పక్కన కూర్చునేవాడు. మొదట చిట్టా చూసి చదివేవాడు, తర్వాత తానే చిట్టా రాసేవాడు. కొన్నేళ్ళకు ఆవర్జాలోకి పద్దులు ఎక్కించేవాడు. రాత్రి కొట్టు కట్టేసే ముందు గల్లాపెట్టెలో డబ్బు, చిట్టాలో నిల్వ ఒకటయ్యేదాకా ఇంటికి వెళ్ళేవాడు కాదు. వాళ్ళలో చాలామంది కాలేజీ గుమ్మం చూడలేదు. కానీ వాళ్ళు రాసిన పద్దు తప్పని చెప్పడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు.

చార్టర్డ్ అకౌంటెన్సీ కూడా పుట్టుకతో అలాంటి చదువే. గురువు దగ్గర చేరి పని చేస్తూ నేర్చుకునే చదువు. బ్రిటన్‌లో ఒకప్పుడు ఆర్టికల్స్‌లో చేరే కుర్రాడి తండ్రే ఆడిటర్‌కు ప్రీమియం పేరుతో డబ్బు కట్టేవాడు. మన దేశంలో 1913 నాటి కంపెనీల చట్టం ఆడిటర్‌కు అర్హత ఉండాలని మొదటిసారి చెప్పింది. 1918లో బొంబాయి ప్రభుత్వం గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ అనే పరీక్ష పెట్టింది. ఆ డిప్లొమాతో సరిపోయేది కాదు, గుర్తింపు ఉన్న అకౌంటెంట్ దగ్గర మూడేళ్ళు ఆర్టికల్స్ కూడా చేయాలి. 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం వచ్చింది. ఆ ఏడాది జులై 1న మన ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఇన్నేళ్ళలో పరీక్షల పేర్లు, పేపర్ల సంఖ్య ఎన్నోసార్లు మారాయి. ఒక ఆడిటర్ కింద కూర్చుని పని నేర్చుకోవాలన్న షరతు మాత్రం మారలేదు.

ఇంతకీ ఆ పని ఏమిటి? పిల్లలూ, సినిమాల్లో ఆడిటర్ అంటే కళ్ళజోడు పెట్టుకుని ఫైళ్ళ మీద సంతకం పెట్టేవాడు. ఆ సంతకం వెనక ఒక కుర్రాడు నెలరోజులు వోచర్ల కట్టలు విప్పి ఉంటాడు. నేను మొదటి నెలంతా చేసింది అదే. పురికొసతో కట్టిన వోచర్ల కట్ట విప్పడం, ఒక్కో కాగితాన్నీ క్యాష్‌బుక్‌లో పద్దుతో పోల్చడం, తేదీ, మొత్తం, సంతకం సరిగ్గా ఉన్నాయో లేదో చూసి టిక్ పెట్టడం. సాయంత్రానికి వేళ్ళకు సిరా, ముక్కు నిండా దుమ్ము. స్టైపెండ్ వచ్చేది. అది టిఫిన్లకు, బస్సు చార్జీలకు సరిపోయేది. గది అద్దె ఇంటి నుంచి రావాల్సిందే.

రెండో ఏడాది బయటి పనులకు పంపడం మొదలుపెట్టారు. ఒక రైస్ మిల్లులో మార్చి 31న సరుకు లెక్క చూడాలి. ఆ సరుకు మీద బ్యాంకు అప్పు ఉంది. గోడౌన్‌లో బస్తాలు పొడవు పన్నెండు, వెడల్పు పది, ఎత్తు పదిహేను వరసల్లో పేర్చి ఉన్నాయి. గుణిస్తే 1,800 బస్తాలు. పుస్తకంలోనూ అంతే ఉంది. అంతా సరిపోయింది కదా అని కాగితం మడిచేలోపు మా సార్ చెప్పిన మాట గుర్తొచ్చింది. "పక్కనుంచి లెక్కపెట్టడం సగం పనే, పైకెక్కి చూస్తేనే పూర్తి పని" అనేవారు. నిచ్చెన అడిగాను. అక్కడున్న పెద్దాయన ఎంతో ప్రేమగా, "ఎందుకు బాబూ, పిల్లాడివి, కాలు జారితే మాకు మాటొస్తుంది, కాఫీ తాగు" అన్నారు. కాఫీ తాగాను. తాగి పైకెక్కాను. మధ్యలో బావిలా ఖాళీ. బయటి వరసలు మాత్రమే నిండుగా ఉన్నాయి.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నా వయసు స్నేహితులు కాలేజీల్లో రెండో సంవత్సరం పరీక్షలు రాస్తున్నారు. నేను చేతిలో ఒక కాగితం పట్టుకుని, మా నాన్న వయసున్న మనిషి ముందు నిలబడి, "లోపల లేని బస్తాలు నేను రాయలేనండి" అని చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. సాయంత్రం ఆఫీసుకు ఫోన్ వచ్చింది, మీ కుర్రాడు మర్యాద లేకుండా మాట్లాడాడని. మా సార్ నన్ను పిలిచి, "ఎన్ని బస్తాలు కనిపించాయి?" అని ఒక్కటే అడిగారు. చెప్పాను. "అదే రాయి" అన్నారు. ఆ క్లయింటు ఆ తర్వాత మా ఆఫీసుకు రాలేదు. ఆ సంగతి మా సార్ ఎన్నడూ ఎత్తలేదు.

ఆర్టికల్స్‌లో నేర్పేది ఇదీ. డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో పుస్తకంలో ఉంటుంది. కనిపించనిదాన్ని రాయను అని చెప్పగలగడం పుస్తకంలో ఉండదు. అది చెప్పగలిగిన మనిషి పక్కన మూడేళ్ళు కూర్చుంటేనే వస్తుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బయటపెట్టిన లేఖ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. బ్యాంకు నిల్వ ఎంతుందో కంపెనీ చూపించే కాగితం మీద కాదు, బ్యాంకు నుంచి నేరుగా వచ్చిన ఉత్తరం మీద నమ్మాలి. ఇది ఆర్టికల్స్‌లో చేరిన కుర్రాడికి మొదటి ఏడాదే చెప్పే పాఠం. అంత పెద్ద కంపెనీ కథలో ప్రశ్న చివరికి అక్కడికే వచ్చి ఆగింది. మిల్లులో నిచ్చెన ఎక్కడమూ, బ్యాంకుకు ఉత్తరం రాయడమూ ఒకటే పని.

ఈ సభలో లెక్కల మాస్టార్లు ఉన్నారు కాబట్టి వాళ్ళకు ఒక బాకీ తీర్చుకోవాలి. ఏ సంఖ్యలోనైనా రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా తొమ్మిదితో భాగింపబడుతుందని మన బడిలో ఎనిమిదో తరగతిలో చెప్పారు. అప్పుడది బోర్డు మీద చేసిన తమాషా. కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో మా ఆఫీసులో ట్రయల్ బ్యాలెన్స్ చేత్తోనే వేసేవాళ్ళం. రెండు వైపులా కలవలేదంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. ఒకసారి తేడా 90 రూపాయలు వచ్చింది. తొమ్మిదితో భాగించాను. పోయింది. అంటే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయి. వెతికితే 7,540 రాయాల్సిన చోట 7,450 ఉంది. పది నిమిషాల్లో ఇంటికెళ్ళాం. తేడా సరిసంఖ్య అయితే అందులో సగం ఎక్కడుందో వెతకాలి. ఆ పద్దు ఉండాల్సిన వైపు కాకుండా రెండో వైపు పడి ఉండొచ్చు. మాస్టారూ, మీరు చెప్పినది వృథా పోలేదు. ఆ రాత్రి ఐదుగురికి నిద్ర దొరికింది.

ఇంగ్లీషు మాస్టార్లకూ బాకీ ఉంది. మనది తెలుగు మీడియం. సి.ఏ. పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో రాసే వీలు లేదు. మొదటి ఆరునెలలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అకౌంట్స్ అర్థమవడానికి నాకు ఇంగ్లీషు అడ్డు కాలేదు, జమ, ఖర్చు, నిల్వ, బాకీ అని తెలుగులో అనుకుంటే అన్నీ అర్థమయ్యేవి. మెర్కంటైల్ లా దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. ఇప్పుడు ఈ దారిలోకి వచ్చే పిల్లలకు నా సలహా ఒక్కటే. సంగతి తెలుగులో అర్థం చేసుకోండి, జవాబు ఇంగ్లీషులో రాయడం రోజూ అరగంట సాధన చేయండి.

ఇక ధర సంగతి. ఈ దారి గురించి కోచింగ్ సెంటర్ల బోర్డులు ర్యాంకుల సంగతి చెబుతాయి, ధర సంగతి చెప్పవు. అది చెప్పకపోతే నేను ఈ మైకు ముందు నిలబడటం దండగ.

మొదటి ధర, మధ్యలో చేతికి ఏ పట్టా రాదు. బి.కాం. చదివేవాడికి మూడేళ్ళకు ఒక డిగ్రీ వస్తుంది, మార్కులు ఎన్నయినా. సి.ఏ. చదివేవాడు ఫైనల్ దాటేదాకా లోకం దృష్టిలో ఇంటర్ పాసైనవాడే. మధ్యలో ఆగిపోతే డిగ్రీ అడిగే బ్యాంకు పరీక్షలకు, గ్రూప్ పరీక్షలకు కూర్చునే వీలుండదు. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా ఇదే తంతు. "అబ్బాయి ఏం చదివాడు?" "సి.ఏ. చేస్తున్నాడండి." "అది సరే, ఏం చదివాడు?" మా అమ్మ ఈ ప్రశ్నకు నాలుగేళ్ళు జవాబు చెప్పింది.

రెండో ధర, పరీక్షలు కఠినం. ప్రతి పేపర్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. 2024 జూన్ ఫౌండేషన్‌లో పాసైనవారు 14.96 శాతం. అదే ఏడాది మే ఫైనల్‌లో రెండు గ్రూపులూ కలిపి రాసినవారిలో రెండూ పాసైనవారు 19.88 శాతం. అంటే నూటికి ఎనభైమందికి పైగా ఆ రోజు ఇంటికి తలదించుకుని వెళ్ళారు. వాళ్ళలో తెలివితక్కువవాళ్ళు తక్కువ. ఒకసారి తప్పడం ఇక్కడ మామూలు సంగతి. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చిన పిల్లలకు ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. తల్లిదండ్రులు ఈ మాట ముందే తెలుసుకుని ఉండాలి.

మూడో ధర, కాలేజీ వయసు పోతుంది. సాంస్కృతికోత్సవాలు, విహారయాత్రలు, క్యాంటీన్ కబుర్లు, ఇవేవీ ఉండవు. పద్దెనిమిదేళ్ళకే నలభై ఏళ్ళ మనుషుల మధ్య కూర్చుంటాం. కొందరికి అది బరువు. నాకు బరువనిపించలేదు, కానీ అందరూ నాలాగే ఉండాలని లేదు.

ఈ ధర తెలిసి కూడా రావాలనుకునే పిల్లలకు నేటి లెక్క చెబుతాను. 2023 జులై నుంచి కొత్త పద్ధతి అమల్లో ఉంది. పన్నెండో తరగతి, అంటే మన ఇంటర్ పాసయ్యాక ఫౌండేషన్ రాయొచ్చు. అందులో నాలుగు పేపర్లు. తర్వాత ఇంటర్మీడియట్, రెండు గ్రూపుల్లో ఆరు పేపర్లు. రెండు గ్రూపులూ పాసయ్యాక రెండేళ్ళు ఆర్టికల్స్. మా రోజుల్లో మూడేళ్ళుండేది. ఆర్టికల్స్ ముగిసిన ఆరునెలలకు ఫైనల్, అందులోనూ ఆరు పేపర్లు. ఎక్కడా తప్పకుండా వెళితే ఇంటర్ అయ్యాక దాదాపు మూడున్నరేళ్ళు పడుతుంది. ఎక్కడా తప్పకుండా వెళ్ళేవాళ్ళు కొద్దిమందే కాబట్టి ఐదేళ్ళు అనుకుని ఇంట్లో చెప్పండి.

డిగ్రీ చేతిలో లేకుండా ఉండటం భయమనిపిస్తే దానికీ దారి ఉంది. ఆర్టికల్స్ చేస్తూనే దూరవిద్యలో బి.కాం. చదవొచ్చు. మనకు ఇగ్నో ఉంది. ఆడిటర్ గారి అనుమతితో ఫారం 112 నింపి ఇన్‌స్టిట్యూట్‌కు తెలియజేయాలి. తరగతుల వేళలు ఆఫీసు వేళలకు అడ్డు రాకూడదు. అంతే. లేదా ముందు డిగ్రీయే చదవండి. కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం వచ్చినవాళ్ళు ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌కు నమోదు కావచ్చు. ఏ గుమ్మంలోంచి వచ్చినా చివర్లో రాసే ఫైనల్ ఒకటే. ఇంకో తమాషా చెబుతాను. 2021లో యు.జి.సి. సి.ఏ. చదువును పీజీతో సమానంగా లెక్కించి, నెట్ పరీక్ష రాయొచ్చని చెప్పింది. అంటే కాలేజీలో ఒక్కరోజు కూడా చదవని నేను, పరీక్ష పాసైతే కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హుణ్ణి.

ఆర్టికల్స్‌కు ఆడిటర్‌ను ఎంచుకోవడం గురించి ఒక్క మాట. పెద్ద పేరున్న ఆఫీసా, చిన్న ఆఫీసా అని చూడకండి. అక్కడ ఇప్పటికే ఉన్న పిల్లలను టీకి తీసుకెళ్ళి రెండే ప్రశ్నలు అడగండి. సార్ తప్పు చూపిస్తారా, లేక తిట్టి తానే దిద్దేసుకుంటారా? పరీక్షకు ముందు సెలవు ఇస్తారా? జవాబులు విని నిర్ణయించుకోండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు విడిగా చెబుతున్నాను. 1933లో మద్రాసుకు చెందిన శివభోగం గారు ఆ డిప్లొమా పరీక్ష పాసై దేశంలో తొలి మహిళా అకౌంటెంట్ అయ్యారు. తర్వాత 1955 నుంచి 1958 వరకు మన దక్షిణ ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలిగా ఉన్నారు. తొంభై ఏళ్ళ కిందటే ఒక ఆడపిల్ల నడిచిన దారికి ఈరోజు మన ఊరి నుంచి పంపడానికి భయం దేనికి? మా ఆఫీసులో ఇప్పుడు ఆర్టికల్స్ చేస్తున్నవాళ్ళలో సగానికి పైగా అమ్మాయిలే. మార్చి 31న గోడౌన్లలో నిచ్చెన ఎక్కేది వాళ్ళే.

ఇప్పుడు పెద్దల సంగతి.

విజయవాడలో మా గదిలో నాతోపాటు ఈ బడిలోనే చదివిన మిత్రుడొకడు ఉండేవాడు. ఇద్దరం ఒకే ఏడాది ఆర్టికల్స్‌లో చేరాం. అకౌంట్స్‌లో నాకంటే వేగం అతనిది. నేను కాగితం మీద వేసేది అతను మనసులో వేసేవాడు. ఏడాదిన్నర తర్వాత ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. మన సంఘం అప్పటికే చదువుకునే పిల్లలకు ఆర్థికసాయం చేస్తోంది. అతను దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తుతో కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి. అతనికి కాలేజీ లేదు, సర్టిఫికెట్ ఎక్కడినుంచి తెస్తాడు? దరఖాస్తు వెనక్కి వచ్చింది. మరో మూడు నెలలు లాగాడు. తర్వాత పెట్టె సర్దుకుని ఊరొచ్చేశాడు. ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజిలో లెక్కలు చూస్తున్నాడు. మిర్చి టిక్కీల లాట్ నంబర్లు ఇప్పటికీ పుస్తకం చూడకుండా చెబుతాడు. ఈ సంగతి ఇక్కడ చెప్పనా అని నిన్న అడిగాను. "చెప్పు, కానీ జాలిపడేలా చెప్పకు" అన్నాడు. అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

ఆ నియమం రాసిన పెద్దలను నేను తప్పుపట్టడం లేదు. డబ్బు నిజంగా చదువుకునే పిల్లలకే చేరాలని పెట్టిన నియమం అది. ఆ రోజుల్లో చదువు అంటే కాలేజీయే. కానీ ఆ నియమం ఈరోజుకీ అలాగే ఉంది. పోయిన ఏడాది మన బడిలోనే చదివి, ఇంటర్ అయ్యాక ఫౌండేషన్ పాసైన ఒక అమ్మాయి వాళ్ళ నాన్న నా దగ్గరకు వచ్చి, "బోనఫైడ్ ఎక్కడిస్తారండీ?" అని అడిగారు. దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ప్రశ్న.

కార్యవర్గం ముందు నేను పెడుతున్న ప్రతిపాదన మూడు ముక్కలు.

మొదటిది, నియమంలో "కాలేజీ బోనఫైడ్" అన్న చోట "లేదా ఇన్‌స్టిట్యూట్ రిజిస్ట్రేషన్ లెటర్" అని చేర్చండి. ఆర్టికల్స్ చేస్తున్నవాళ్ళయితే ఆర్టికల్స్ నమోదు కాగితం ఉంటుంది, ఫారం 103 అంటారు. బోనఫైడ్ కంటే గట్టి రుజువు అది. సి.ఏ. ఒక్కటే కాదు, కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ చదివే పిల్లలకూ ఇదే వర్తింపజేయండి.

రెండోది, కాలేజీ పిల్లలకు మనం ఏటా మార్కుల జాబితా చూసి సాయం కొనసాగిస్తున్నాం. వీళ్ళ విషయంలో అలా చేయకండి. ఇందాక చెప్పిన శాతాలు గుర్తుంచుకోండి. ఒకసారి తప్పినవాళ్ళకు సాయం ఆపేస్తే, సరిగ్గా నిలబెట్టాల్సిన చోట చేయి వదిలేసినట్టే. పని మానలేదని ఆడిటర్ గారు రాసిచ్చే ఉత్తరం చాలు. మనం ఇవ్వాల్సింది పెద్ద మొత్తమేమీ కాదు. గది అద్దె, పరీక్ష ఫీజు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కూడా ప్రతిభ, అవసరం చూసి స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. అవి అందేదాకా నిలదొక్కుకోవడానికి మనది ఆసరా.

మూడోది డబ్బు అక్కర్లేనిది. ఈ వృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థులం నెలకో ఆదివారం ఇక్కడికి వచ్చి కూర్చుంటాం. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలో తెలియని పిల్లలు రావొచ్చు, వాళ్ళ అమ్మానాన్నలు రావొచ్చు. సి.ఏ. చదవమని చెప్పడానికి కాదు. చదవాలా వద్దా అన్నది ధర తెలిసి నిర్ణయించుకోవడానికి. కొందరితో "నువ్వు కాలేజీకే వెళ్ళు నాన్నా, నీకు అదే మంచిది" అని కూడా చెబుతాం.

నిధిలో డబ్బుందా అని కొందరు పక్కవాళ్ళ చెవిలో అడుగుతున్నారు, ఇక్కడికి కనిపిస్తోంది. ఉంది. సంఘం లెక్కలు కొన్నేళ్ళుగా పైసా తీసుకోకుండా చూస్తున్నది నేనే కాబట్టి చెబుతున్నాను. ఆడిటర్ మైకు ముందు నిలబడి ఖర్చు పెట్టమని చెప్పడం అరుదు. ఆ అవకాశాన్ని వదులుకోకండి.

ఈ ప్రతిపాదన కాగితం మీద రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. రేపు ఉదయం పది గంటలకు జరిగే సర్వసభ్య సమావేశంలో తొమ్మిదో అంశంగా ఉంది. మధ్యాహ్న భోజనానికి ముందే వస్తుంది. దయచేసి అందరూ ఆగి చేతులెత్తండి.